తేనెటీగలకు చెప్పని చావు

1939 సెప్టెంబరు 10, ఆదివారం

మా అబ్బాయి లుద్విక్ బతికే ఉన్నాడు! బతికే ఉన్నాడు, వచ్చాడు, నా ఎదురుగా నిలబడి ముంతెడు పులిసిన పాలు గటగటా తాగి, మూతి తుడుచుకుని మళ్ళీ యుద్ధానికి వెళ్ళాడు. మరియతల్లీ, చెన్‌స్తొహోవాలో నీ గుడికి కాలినడకన వస్తాను. మోకాళ్ళ మీద రమ్మన్నా వస్తాను, నీ ఇష్టం.

అక్షరం నిలబడటం లేదు. రష్యా జారు చక్రవర్తి కాలంలో మూడు తరగతులు చదివినవాణ్ణి. ఆ చదువుకి ఇంత సంతోషం పట్టదు. ఆవులు ఎప్పుడు చూడి కట్టాయి, ఎప్పుడు ఈనాయి అని రాసుకునే పుస్తకం ఇది. అయినా ఇందులోనే రాస్తున్నాను, ఎందుకంటే మా ఆవిడ అగాత అప్పుడే రెండుసార్లు కసిరింది. "ఊరుకోవయ్యా వాలెంతీ, పక్కింట్లో పీనుగ ఇంకా లేవలేదు, నువ్విక్కడ పాటలా?" అంది. పక్కింటి పీనుగంటే మా బడిపంతులు.

జర్మన్లు గురువారం వచ్చారు. మర్నాడు విత్తనాల మరియమ్మ పండగ. ఆ రోజు గుళ్ళో దీవించిన గింజ చల్లందే మా ఊళ్ళో ఎవరూ రై ధాన్యం విత్తరు. యుద్ధమైతే మాత్రం భూమి ఆగుతుందా అని అందరం గింజ ఒళ్ళో పోసుకుని పొలాల్లోకి దిగాం. అప్పుడు కనపడ్డాడు ఎమిల్. గుస్తావ్ క్రూగెర్ కొడుకు. మూడు తరాలుగా మా మధ్య బతుకుతున్న జర్మన్ రైతులు వాళ్ళు, మా కంచే వాళ్ళ కంచె. వాడు జబ్బకి గుడ్డ కట్టుకుని జర్మన్ ఆఫీసరు పక్కన నడుస్తూ ఇల్లిల్లూ చూపించాడు. పంతుల్ని బడి గోడకి నిలబెట్టారు. ఆయన చేతులెత్తాడు. మళ్ళీ ఒక చెయ్యి దించి కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. అప్పుడు కాల్చారు. ఎమిల్, మా లుద్విక్ ఒకే బల్ల మీద కూర్చుని ఆ పంతులి దగ్గరే ఎక్కాలు వల్లించారు.

నిన్న సాయంత్రం బ్జురా నది అవతల నుంచి ఫిరంగులు మొదలయ్యాయి. అగాత, నేను, నా పాత నేస్తం రోఖ్, రోఖ్ ఇంటివాళ్ళు అందరం దుంపల నేలమాళిగలో దూరాం. పందిని కూడా దింపాం. పైకప్పు నుంచి మట్టి రాలుతుంటే రోఖ్ అన్నాడు, "ఒరే వాలెంతీ, నీ పంది నాకంటే ధైర్యంగా ఉందిరా."

"దానికి నీలాగా అప్పుల్లేవు" అన్నాను.

"క్రిస్మస్‌కి దాన్ని కోస్తారని దానికి తెలియదు, అందుకే ధైర్యం."

తెల్లారుతుండగా కేకలు. మన భాషలో కేకలు. నేలమాళిగ తలుపు సందులోంచి చూశాను. మన కుర్రాళ్ళు తుపాకి చివర బాకులు బిగించి నా రేగు చెట్ల మధ్య నుంచి పరిగెత్తి వస్తున్నారు. గడ్డివాము దగ్గర ఒక జర్మన్‌ని పొడిస్తే బాకు వాడి వెన్నులో ఇరుక్కుంది. పొడిచినవాడు వాడి భుజం మీద కాలు పెట్టి లాగాడు, రాలేదు, తుపాకి పేల్చి ఊడదీశాడు. ఇంకొకడు తేనెపెట్టె మీద వెల్లకిలా పడ్డాడు. పెట్టె పగిలింది. వాడు పొట్ట పట్టుకోవాలా, మొహం కప్పుకోవాలా తెలియక రెండు చేతులతోనూ కొట్టుకున్నాడు. చచ్చాక కూడా తేనెటీగలు వాణ్ణి వదల్లేదు. నేను చూశాను, కళ్ళు తిప్పుకోలేదు, పండగలా చూశాను. రాస్తున్నాను కదా, నిజమే రాస్తాను.

తరవాత తలుపు తెరుచుకుంది. "నాన్నా, పైకి రండి. ఊరు మనదే."

వాడి గొంతు. అగాత వాణ్ణి తల నుంచి కాళ్ళదాకా తడిమింది. చొక్కా ఎడమ చెయ్యి మోచేతిదాకా రక్తం గట్టి అట్టలా అయిపోయింది.

"నీదా?"

"నాది కాదమ్మా. ఎమిల్‌ది."

"ఎక్కడ?"

"వాళ్ళ గుమ్మంలోనే."

"గుస్తావ్ ఏడి?" అని నేను అడిగాను.

"అక్కడే ఉన్నాడు" అన్నాడు లుద్విక్. పాలు తాగాడు. నేను ఆ చెయ్యి పట్టుకుని ముద్దు పెట్టుకున్నాను. ఉప్పగా ఉంది. బాగైంది. పంతులికి న్యాయం జరిగింది, బాగైంది.

సెప్టెంబరు 11, సోమవారం

గెలుస్తున్నాం. పియోంతెక్ మనదే, వెంచిత్సా మనదే, జర్మన్లు దక్షిణానికి పరిగెడుతున్నారు. నా వయసులో సైన్యానికి బండి తోలాను. తూటాల పెట్టెలు తీసుకెళ్ళాను, వచ్చేటప్పుడు గాయపడ్డ కుర్రాళ్ళని తెచ్చాను. గతుకు వచ్చినప్పుడల్లా బండి అడుగు నుంచి అరుపు లేచేది. ఒకడు "తాతా, నెమ్మదిగా" అన్నాడు. నెమ్మదిగా తోలాను. వంతెన దగ్గర చూసేసరికి నెమ్మదిగా తోలాల్సిన అవసరం వాడికి తీరిపోయింది. బండి చెక్కల సందుల్లోంచి కారిన రక్తం వెనక ఇరుసు మీద పడి, దుమ్ము పట్టి, తారులా ముద్దకట్టింది. దారి పొడవునా చచ్చిన గుర్రాలు, పొట్టలు ఉబ్బి.

అయినా దారిలో ప్రతి దళాన్నీ లుద్విక్ గురించి అడిగాను. ఒకడు చెప్పాడు, "మీ పొడుగువాడా? ముందున్నాడు తాతా, వాడెప్పుడూ ముందే." ముందున్నాడట. రాత్రి తిండి దిగలేదు సంతోషంతో.

సెప్టెంబరు 12

ఈరోజూ గెలుస్తున్నాం. ఫిరంగుల మోత నిన్నటికన్నా దగ్గరగా వినపడుతోంది, అది గాలి తిరగడం వల్ల.

సెప్టెంబరు 13, బుధవారం

మన సైన్యం మా ఊరి మీదుగా ఉత్తరానికి వెళ్తోంది. వెనక్కి కాదు, ఇంకో వైపు నుంచి కొట్టడానికని ఒక సార్జెంటు చెప్పాడు. చెప్పేటప్పుడు నా మొహం చూడలేదు, అలిసిపోయి ఉన్నాడు పాపం.

మావాడు ఇంట్లో ఉన్నాడు. దుప్పట్లో వేసుకుని నలుగురు మోసుకొచ్చారు. తొడలో ఇనుప ముక్క, ఎముక విరిగింది. కుట్నో ఆసుపత్రికి తీసుకెళ్దామంటే అక్కడ స్టేషన్‌లో రైలునిండా ఉన్న గాయపడ్డవాళ్ళ మీదే బాంబులు వేశారట. అగాత ఒక్క మాటే అంది, "ఇక్కడ దింపండి." అందరి కొడుకులూ నది దాటి ఎక్కడికో పోతున్నారు, మావాడు తల్లి దగ్గర పడుకున్నాడు. దేవుడు మా మీద ఎంత దయ చూపించాడో. రోఖ్ వాడి కాలికి కంచె కర్రలు కట్టాడు, దూడలకి కట్టి అలవాటు. "నేను కట్టిన దూడ ఏదీ చావలేదు, కసాయివాడి దగ్గర తప్ప" అన్నాడు. లుద్విక్ పళ్ళు బిగించుకునే నవ్వాడు.

జ్వరం ఉంది. "చేతులు దించరా ఎమిల్, దించు" అంటున్నాడు. జ్వరం మాటలు.

సెప్టెంబరు 14

పొద్దున్న విమానాలు. పియోంతెక్ దారిలో మన దళం ఒకటి వెళ్తుండగా దిగి దిగి కాల్చాయి. గుర్రాలు మనుషుల్లా ఏడ్చాయి. ఒక గుర్రం పేగులు కాళ్ళకి చుట్టుకుంటున్నా బండిని మా బావిదాకా లాక్కొచ్చి, అక్కడ నీళ్ళ తొట్టిలో మూతి పెట్టి పడిపోయింది.

లుద్విక్ యూనిఫారం పొయ్యిలో పెట్టాం. వాణ్ణి ధాన్యపు కొట్టంలో, నూర్చని రై పనల వెనక పడుకోబెట్టాం. యూనిఫారంతో దొరికితే ఖైదు. లేకుండా దొరికితే బందిపోటని కాల్చేస్తారు. కానీ వాడి విషయంలో యూనిఫారం ఉన్నా ఒకటే. గుస్తావ్ క్రూగెర్ చూశాడు కదా, వాళ్ళ గుమ్మంలో.

సాయంత్రానికి జర్మన్లు వచ్చేశారు.

సెప్టెంబరు 16, శనివారం

ఎలా రాయాలో తెలియడం లేదు. మావాడు బతికే ఉన్నాడు, ముందు అది రాస్తాను. బతికే ఉన్నాడు.

నిన్న పొద్దున్న మగవాళ్ళనందర్నీ ఫైరింజను షెడ్డు దగ్గర నిలబెట్టారు. ఆఫీసరు అడుగుతాడు, గుస్తావ్ మన భాషలో చెప్తాడు. గుస్తావ్ ఈ నాలుగైదు రోజుల్లోనే నాకంటే ముసలివాడైపోయాడు. గడ్డం గీసుకోలేదు, చొక్కా బొత్తాలు ఎగుడుదిగుడుగా పెట్టుకున్నాడు.

"పోలిష్ సైనికులకి తిండి ఎవరు పెట్టారు?"

రోఖ్‌కి ఊరుకోవడం చేతకాదు. "మా కోళ్ళు పెట్టాయండీ. మేం ఆపుదామనుకునేలోపే కుండలో దూకాయి" అన్నాడు.

గుస్తావ్ ఆఫీసరుకి పొట్టిగా ఇంకేదో చెప్పాడు. రోఖ్ అన్నది కాదు, నాకు తెలుస్తూనే ఉంది. కానీ వరసలో ఎవడో వెధవ కిసుక్కుమన్నాడు. ఆ నవ్వుకి అనువాదం అక్కర్లేదు. ఆఫీసరు పిస్తోలు తీసి రోఖ్ నోట్లో కాల్చాడు. షెడ్డు తలుపు మీద ఎర్రగా చిందింది. రోఖ్ నిలబడినట్టే కాసేపు నిలబడి, నా భుజం మీదికి ఒరిగి, జారాడు. వాడి టోపీ నా చేతిలో ఉంది. ఎలా వచ్చిందో.

తరవాత పడుచువాళ్ళని ఒక పక్కకి, నాలాంటి ముసలాళ్ళని ఒక పక్కకి లాగారు. ముసలాళ్ళని పారలు తెచ్చుకోమన్నారు. పడుచువాళ్ళని ఒక మరతుపాకి వరసగా కోసుకుంటూ పోయింది. ఎడమ నుంచి కుడికి, మళ్ళీ కుడి నుంచి ఎడమకి. నా కుడి చెవిలో ఇప్పటికీ ఈల.

గుస్తావ్ నా దగ్గరికి వచ్చాడు. "లుద్విక్ ఎక్కడ?"

"దళంతో వెళ్ళాడు."

"బతికుంటే వెతుకుతారు. నేనే అడిగాను వెతకమని" అన్నాడు. కోపంగా అనలేదు. ధాన్యం ధర చెప్పినట్టు చెప్పాడు.

రోఖ్ పొలంలోనే గొయ్యి తవ్వాం. దారిలో విమానాలు కొట్టిన సైనికుల్ని కూడా అందులోనే వెయ్యమన్నారు. వాళ్ళని ఒక్కొక్కళ్ళనే ఈడ్చుకొస్తున్నాను. ఒక కుర్రాడు పొడుగ్గా, జనపనార రంగు జుట్టుతో ఉన్నాడు. మొహం లేదు. ఒక్క క్షణం నా గుండె ఆగింది. మావాడు కొట్టంలో ఉన్నాడని తెలిసీ ఆగింది.

అగాత ముసలాళ్ళకి బకెట్టుతో నీళ్ళు తెచ్చింది. జర్మన్లు రానిచ్చారు. ఆ కుర్రాణ్ణి చూసింది, నన్ను చూసింది, వెళ్ళింది. మళ్ళీ ఇంకో బకెట్టు తెచ్చింది. "తాగు. అడుగుదాకా తాగు" అంది. అడుగున లుద్విక్ మెడబిళ్ళ ఉంది, పేరూ ఊరూ ఉండే సైనికుల తగరపు బిళ్ళ. పొయ్యిలో వెయ్యకుండా దాచింది. నలభై ఏళ్ళు కాపురం చేశాను, ఆవిడ బుర్ర ఎంతో నిన్ననే తెలిసింది.

బిళ్ళలు మార్చాను. అయితే లుద్విక్‌కి ఎడమ బొటనవేలు లేదు, చిన్నప్పుడు చొప్ప కోసే కత్తిలో పోయింది. ఊరందరికీ తెలుసు. గుస్తావ్‌కి మరీ తెలుసు, ఆ రోజు రక్తం కారుతున్న పిల్లాణ్ణి తన గుర్రబ్బండి మీద డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది ఆయనే. ఆ కుర్రాడి ఎడమ చెయ్యి శుభ్రంగా ఉంది, అన్ని వేళ్ళతో, గోళ్ళు కత్తిరించి. పారతో ఏం చేశానో రాయను.

తరవాత ఏడ్చాను. "నా కొడుకా" అని అరిచాను. గుస్తావ్ వచ్చాడు. బిళ్ళ చదివాడు. మొహం లేని తల చూశాడు. చెయ్యి ఉండాల్సిన చోటు చాలాసేపు చూశాడు. తరవాత వెళ్ళి ఆఫీసరుతో మాట్లాడి, కొడుకుని గుడి నేలలో విడిగా పాతిపెట్టుకోవడానికి నాకు అనుమతి తెచ్చాడు. నేను అడగలేదు.

ఈరోజు అంత్యక్రియలు. పాతిక మంది వచ్చారు, ప్రతి ఇంట్లోనూ ఒక చావున్నా వచ్చారు. నాకు ఏడుపు రాలేదు. నా కొడుకు రెండొందల అడుగుల దూరంలో పనల వెనక రొట్టె నములుతుంటే ఏడుపు ఎలా వస్తుంది. పెదాలు వాటంతట అవే సాగుతున్నాయి. అగాత నా డొక్కలో గిల్లింది, తోలు లేచింది. అప్పుడు రోఖ్ టోపీ గుర్తొచ్చింది. రోఖ్ కోసం ఏడ్చాను, వెక్కి వెక్కి ఏడ్చాను. లుద్విక్ కోసమే అనుకుని అందరూ నాతోపాటు ఏడ్చారు.

సెప్టెంబరు 18

దుంపలు, పంది కొవ్వు, గిన్నెడు పులిసిన జావ. మొత్తం తిన్నాడు. ఇంకా ఉందా అని అడిగాడు. ఈ మాట ఎవరితో చెప్పుకోను? ఎవరితోనూ చెప్పకూడదు. నీతోనే చెప్తున్నాను, ఆవులు ఈనిన పుస్తకమా.

సెప్టెంబరు 20, బుధవారం

మధ్యాహ్నం పెరట్లో ఉన్నాను. కంచె అవతల గుస్తావ్ నిలబడ్డాడు. ఎంతసేపటి నుంచో.

"ఏసుక్రీస్తుకి స్తోత్రం" అన్నాడు.

"యుగయుగాలకీ" అన్నాను. బదులు పలకకపోతే పాపం.

"పెట్టెలకి నల్లగుడ్డ లేదే వాలెంతీ."

ఇంట్లో మనిషి పోతే మొదట తేనెటీగలకి చెప్పాలి. ఒక్కో పెట్టె తట్టి, పోయినవాడి పేరు చెప్పి, నల్లగుడ్డ కట్టాలి. చెప్పకపోతే అవి అలిగి ఎగిరిపోతాయి, లేదా లోపలే చస్తాయి. గుడికి వెళ్ళడం మానేసినవాడు కూడా మా దగ్గర ఇది మానడు. నేను మానేశాను. మర్చిపోయి కాదు. నిజం చెప్పాలంటే రోజూ వాటి ముందు నుంచి నడుస్తూనే ఉన్నాను, చెయ్యి లేవలేదు. బతికున్న కొడుకు చచ్చాడని ఈగల చెవిన వేస్తే ఏమవుతుందో ఎవరికి తెలుసు.

"మర్చిపోయాను" అన్నాను.

"మీ అమ్మ పోయినప్పుడు ఒళ్ళు చల్లబడకముందే వచ్చి తట్టావు. నేను ఇక్కడే నిలబడి చూశాను. నాకు నేర్పింది నువ్వే. నా మొదటి ఈగల గుంపు నువ్విచ్చిందే."

"ముసలితనం గుస్తావ్."

"నేను ఎమిల్ పోయిన పూటే చెప్పాను. గుమ్మం కడగకముందే చెప్పాను."

ఈగలు రేగు పళ్ళ మీద తిరుగుతున్నాయి.

"వాడు చేతులెత్తాడు వాలెంతీ. రెండు చేతులూ. నేను వెనకే ఉన్నాను."

"పంతులు కూడా ఎత్తాడు" అన్నాను.

"అవును" అన్నాడు గుస్తావ్. "ఎత్తాడు." కంచె మీద చెయ్యి పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు. "రేపు మంచు ఆరాక వస్తాం. కొట్టం చూస్తాం."

వెళ్ళిపోయాడు. వస్తాం అన్నాడు. రేపు అన్నాడు. పట్టుకోవాలనుకున్నవాడు రేపని చెప్తాడా? చెప్పకూడదనుకున్నవాడు అసలు కంచె దాకా వస్తాడా? అగాతతో అంటే, "ఎందుకు చెప్పాడో తీరిగ్గా ఆలోచిద్దువు గాని, ముందు బండి కట్టు" అంది.

పెంట బండి కట్టాను. విత్తే కాలం, పెంట బండిని ఎవరూ ఆపరు. అడుగున గడ్డి, గడ్డి మీద లుద్విక్, వాడి మీద పలకలు, పలకల మీద పెంట. నోటి దగ్గర గాలికి సందు ఉంచాను. "నాన్నా, ఇంతకంటే జర్మన్లే నయం, వాళ్ళయితే శుభ్రంగా చంపుతారు" అన్నాడు లోపల నుంచి. రోఖ్ ఉంటే బదులు చెప్పేవాడు. నేను నవ్వలేకపోయాను, కళ్ళు కనపడలేదు.

బయల్దేరే ముందు పెట్టెల దగ్గరికి వెళ్ళాను. తట్టాను. మావాడి పేరు చెప్పలేదు. ఆ కుర్రాడి మెడబిళ్ళ మీద ఉన్న పేరు చెప్పాను. "మన ఇంటి నుంచి మెల్కియోర్ పోయాడు. మెల్కియోర్ స్కోవ్రోన్. మీ యజమాని చెప్తున్నాడు, ఎగిరిపోకండి." ప్రతి పెట్టెకీ చెప్పాను, ఖాళీగా విరిగి ఉన్నదానికి కూడా చెప్పాను. అగాత తన నల్ల లంగా చింపి ఇచ్చింది. అబద్ధం చెప్పలేదు కదా. మా ఇంటి పేరు మీద మా ఇంటి గుంటలోనే కదా పడుకున్నాడు.

రేవు దగ్గర అగాత తమ్ముడు ఇజిదోర్ పడవతో ఉన్నాడు. అవతలి ఒడ్డు అడవిలో కాపలాదారు. పట్టపగలు, నది మీద శవాలు తేలుతుంటే, వాటి మధ్య నుంచి పడవ పోనిచ్చాడు. సైనికుల్ని తెడ్డుతో పక్కకి నెడుతూ ప్రతిసారీ సిలువ వేసుకున్నాడు. ఒక శవం పడవ అంచు పట్టుకున్నట్టు చాలాదూరం పక్కనే వచ్చింది.

సెప్టెంబరు 21

వచ్చారు. పనలన్నీ బాకులతో పొడిచారు. పైనుంచి కిందికి, మూలమూలా పొడిచారు. మావాడు పడుకున్న గుంటలో గడ్డి నొక్కుకుపోయి ఉంది, దాన్ని కూడా పొడిచారు. ఎవరు పడుకున్నారంటే కుక్క అంది అగాత. తుపాకి మడమతో మూతి మీద కొట్టారు. ముందు పళ్ళు పోయాయి. ఆవిడ వాటిని చేతిలోకి ఉమ్మి, చేప ముల్లు చూసినట్టు చూసి, జేబులో వేసుకుంది. మళ్ళీ "కుక్క" అంది.

కొట్టం తగలబెట్టారు. ఏడాది రై అంతా, పైకప్పు అంతా. లోపల దూడ ఉండిపోయింది. దాని అరుపు రాయను.

గుస్తావ్ కొట్టం వైపు రాలేదు. పెరట్లో తేనెపెట్టెల దగ్గర నిలబడ్డాడు, నల్లగుడ్డల ముడులు వేలితో సరిచూశాడు. సార్జెంటు ఏదో అడిగాడు. గుస్తావ్ తల అడ్డంగా ఊపాడు. అంతే.

మంటలు కప్పు పడగొట్టినప్పుడు నా మొహంలో ఏం కనపడిందో, "అటు తిరుగు, అటు తిరుగయ్యా" అని అగాత రక్తం కారే నోటితో గొణిగింది. గోడ వైపు తిరిగాను. తన కొట్టం కాలుతుంటే ఇంత సంతోషపడినవాడు లోకంలో ఉన్నాడా.

సెప్టెంబరు 25

వార్త లేదు. తూర్పు వైపు మోత ఆగిపోయింది. మన సైన్యం అంతా అక్కడ నదీ అడవీ మధ్య ఇరుక్కుని అయిపోయిందని చెప్పుకుంటున్నారు. అయిపోవడం అంటే ఏమిటో నేను అడగలేదు.

సెప్టెంబరు 26

వార్త లేదు. అగాత పాలల్లో నానబెట్టిన రొట్టె మాత్రం తింటోంది.

అక్టోబరు 1, ఆదివారం

దాటాడు. బతికాడు. ఇజిదోర్ ఈరోజు గుళ్ళో నా వెనక బల్ల మీద కూర్చుని, ప్రార్థన గొణుగుతున్నట్టు చెప్పాడు: ఎముక అతుకుతోంది, కుంటుతాడు, చీము ఆగింది, అడవిలో బొగ్గు కాల్చేవాళ్ళతో ఉన్నాడు, వేరే పేరు. "మీవాడు కర్రల మీద నా కుంటికుక్కకంటే బాగా గెంతుతున్నాడు బావా" అన్నాడు. నేను స్తుతి పాట గట్టిగా ఎత్తుకున్నాను. పాటకి సమయం కాదు, ఫాదర్ తిరిగి చూశాడు. కొడుకు పోయినవాడు కదా, పిచ్చెక్కి ఉంటుందిలే అనుకున్నారు అందరూ.

మా ముసలిది పళ్ళు లేని నోటితో నవ్వింది. ఇంటికొచ్చి తలుపు మూసుకుని నవ్వింది. తరవాత ఈ పుస్తకం పొయ్యిలో పెట్టమంది. పెడతాను. రేపు పెడతాను. ముందు ఇది తేల్చాలి: అంత్యక్రియలకి రాలేకపోయిన మా వాళ్ళకి చెప్పాలి. మావాడు చచ్చిపోయాడని చెప్పాలి. ఒక్కడికి తెలిసినా ఊరికి తెలుస్తుంది, గుస్తావ్ తల ఎప్పుడూ అడ్డంగానే ఊపుతాడని ఏముంది.

చెప్పాల్సినవాళ్ళు:

మా పెద్దక్క తెక్లా, కుట్నో. గుండె జబ్బు మనిషి, వాణ్ణి ఎత్తుకుని పెంచింది. ఒక్కసారిగా చెప్పకూడదు. ముందు జబ్బు అని, తరవాత బాగాలేదని, అప్పుడు. నేను వెళ్ళకూడదు, నా మొహం చూస్తే కనిపెట్టేస్తుంది. అగాత వెళ్ళాలి, ఆవిడ మూతి చూస్తే ఎవరికైనా ఏడుపొస్తుంది.

అగాత చెల్లెలు బ్రిగీద, వూచ్‌లో బట్టల మిల్లు. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. ఆవిడకి చెప్తే చాలు, ఆ వైపు అందరికీ చెప్పినట్టే. ముందు ఆవిడకే చెప్పాలి.

వాడి జ్ఞానస్నానానికి జ్ఞానతండ్రిగా నిలబడ్డ అంతోని, వోవిచ్. బతికున్నాడో లేదో ముందు కనుక్కోవాలి. ఉంటే సమాధి చూపించమంటాడు. చూపించాలి. సమాధి ముందు సారా తాగి పాట పాడతాడు, ఆపకూడదు.

మా తమ్ముడు సిల్వెస్తెర్, ఫ్రాన్సులో బొగ్గు గని. ఎలా చెప్పాలో తెలియదు, యుద్ధం. చెప్తే ఆత్మశాంతికి పూజ చేయిస్తాడు, ఖర్చుకి వెనకాడడు. బతికున్నవాడికి ఆ పూజ చేయిస్తే ఏమవుతుందో ఫాదర్‌ని అడగాలి. అడగకూడదు కూడా.

రోఖ్ భార్య. బంధువు కాదు, బంధువే. లుద్విక్ పోయాడని తనే వచ్చి ఏడ్చింది, తన ఇంట్లోనే చావు ఉండగా. ఆవిడకి అబద్ధం చెప్పేశాం. ఇక కొత్తగా చెప్పడానికి ఏమీ లేదు.

మెల్కియోర్ తండ్రి. పేరు తెలియదు. బిళ్ళ మీద గ్నియెజ్నో అని ఉంది, ఆ వైపు స్కోవ్రోన్‌లు ఎందరున్నారో. ఈపాటికి ఆయన కూడా ఎవరో ఒకరిని, మావాణ్ణి చూశారా, ముందున్నాడా అని అడుగుతుంటాడు. మా వంశం మొత్తంలో ఆయనొక్కడికే నిజం చెప్పాలి. నేనే వెళ్ళి చెప్పాలి, ఆ ఎడమ చెయ్యి సంగతి కూడా చెప్పాలి. యుద్ధం ఆగాక, దారులు తెరుచుకున్నాక, నా మొహం మీద నుంచి ఈ సంతోషం పోయాక వెళ్తాను.